అనంతగిరి ఘాట్‌లో బ్రేక్ దిగిపోయింది, తర్వాత బండి విప్పి చూస్తే తెలిసిన సంగతులు

మొన్న డిసెంబర్‌లో అరకు నుంచి వైజాగ్ వస్తున్నాం. బండిలో నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు, డిక్కీ నిండా సామాన్లు. మా ఇంట్లో బండి నడిపేది నేనే. గాలికొండ దగ్గర ఆగి, అనంతగిరిలో కాఫీ తాగి దిగడం మొదలుపెట్టాం. మూడో గేరులో ఉంచి, మలుపు వచ్చినప్పుడల్లా బ్రేక్ తొక్కుతూ, మధ్యలో కూడా కాలు పూర్తిగా తీయకుండా వస్తున్నాను. "ఏదో కాలుతున్న వాసన వస్తోందమ్మా" అన్నారు మా అత్తగారు. ముందు లారీ వెళ్తోంది, దానిదే అనుకున్నాను. రెండు మలుపుల తర్వాత పెడల్ ఎప్పుడూ దిగేదానికంటే ఎక్కువ దిగింది, మెత్తగా, తడి స్పాంజి తొక్కినట్టు. ఆ తర్వాతి మలుపులో దాదాపు అడుగు దాకా వెళ్లిపోయింది, బండి మాత్రం ఆగడం లేదు.

ఆ నాలుగైదు సెకన్లు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. పెడల్ గబగబా నాలుగుసార్లు పంపు కొట్టినట్టు తొక్కాను, కొంచెం పట్టు వచ్చింది. మూడు నుంచి రెండో గేరుకి దించాను, ఇంజిన్ గట్టిగా అరిచింది, బండి వేగం తగ్గింది. హ్యాండ్‌బ్రేక్ ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి తిరిగిపోతుందని ఎక్కడో విన్నాను కాబట్టి బటన్ నొక్కి పట్టుకునే కొద్దికొద్దిగా లాగుతూ, కొండ వైపు వెడల్పుగా ఉన్న చోట ఆపాను. పిల్లలకి ఏమీ తెలియలేదు. నా చేతులు మాత్రం స్టీరింగ్ మీద నుంచి రావడం లేదు.

దిగి చూస్తే ముందు ఎడమ చక్రం నుంచి సన్నగా పొగ. కుడి చక్రం దగ్గర వేడి ఉంది గానీ పొగ లేదు. అటుగా వచ్చిన ఒకాయన నీళ్ల బాటిల్ తీశాడు, పోస్తే చల్లారిపోతుందని. వెనకే ఆగిన జీపు డ్రైవర్ కేకేసి ఆపాడు. అంత వేడిగా ఉన్న డిస్క్ (చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం, బ్రేక్ పట్టేది దాన్నే) మీద చల్లటి నీళ్లు పడితే అది వంకర పోవచ్చు, పగలొచ్చు కూడా. "ఏం చెయ్యకండమ్మా, అలా వదిలేయండి. చల్లారాక ఫస్టు, సెకండ్లో దిగండి, బ్రేకు మీద కాలు ఉంచకండి" అని చెప్పి వెళ్లాడు. ముప్పావు గంట కూర్చున్నాం. తర్వాత తొక్కి చూస్తే పెడల్ మళ్లీ గట్టిగా ఉంది. రెండో గేరులో, మరీ మెలిక మలుపుల్లో మొదటి గేరులో, టైడా దాటి శృంగవరపుకోట దాకా మెల్లగా దిగి ఇంటికి చేరాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయం కంటే కోపమే ఎక్కువ. నాలుగు నెలల కిందటే, ఆగస్టులో, ఒక షాపులో ముందు చక్రాల ప్యాడ్లు, అంటే డిస్క్‌ని రెండు వైపులా నొక్కి పట్టే ముక్కలు, మార్పించి "బ్రేక్ సర్వీస్" అని బిల్లు తెచ్చుకున్నాను మరి.

పొద్దున్నే మా బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. అంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "పెడల్ మెత్తగా దిగిపోయిందా, లేక గట్టిగానే ఉండి బండి ఆగలేదా?" ఈ తేడా నాకు అప్పటిదాకా తెలియదు. గట్టిగా ఉండి ఆగకపోతే ప్యాడ్ల మెటీరియల్ వేడెక్కి పట్టు పోయినట్టు. మెత్తగా దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి లోపల ఆవిరి చేరినట్టు. ఆయిల్ నొక్కుకుపోదు, మనం తొక్కిన బలం నేరుగా చక్రానికి చేరుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది, మన బలమంతా దాన్ని నొక్కడానికే సరిపోతుంది. చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవమై పెడల్ మామూలుగా వచ్చేస్తుంది. అందుకే ఇలాంటి బండిని మర్నాడు షాపుకి తీసుకెళ్తే "అంతా బాగానే ఉంది మేడమ్" అంటారు.

"బస్సుల్లో బ్రేకుని నడిపేది గాలి, నీ బండిలో ఆయిలు. కానీ వెతికే పద్ధతి ఒక్కటే. ఏదీ కొనకు, ఎవరికీ ఇవ్వకు, ఆదివారం నేనొస్తాను" అన్నారు.

వచ్చి ముందు బండి కాదు, నన్నే ప్రశ్నలడిగారు. మామూలుగా నడుపుతున్నప్పుడు ఎటైనా లాగుతోందా? రెండు మూడు నెలలుగా కొంచెం ఎడమకి లాగుతోంది, అక్టోబర్‌లో వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించాను, తేడా రాలేదు. గట్టిగా బ్రేక్ వేస్తే? అప్పుడు కుడికి. మైలేజీ? సిటీలో 15 వచ్చేది 13కి పడింది. ఎడమ ముందు చక్రం మీద నల్లపొడి ఎక్కువగా ఉంటోందా? ఉంది, ప్రతి వారం కడుగుతూనే ఉన్నాను. ఆయన తల ఊపుతూ విన్నారు. "ఎడమ చక్రం ప్యాడు వదలడం లేదు, అందుకే ఊరికే ఎటు లాగుతోందంటే ఎడమకి. బ్రేక్ వేసినప్పుడు అదే చక్రం సరిగ్గా పట్టడం లేదు, అందుకే కుడికి. బండి మూడు నెలలుగా చెబుతూనే ఉంది కదమ్మా."

నిజమే. పైగా నన్ను ఏమార్చిన విషయం ఇంకొకటి ఉంది. మా ఇల్లు సముద్రానికి దగ్గర. రాత్రంతా ఉప్పుగాలికి డిస్క్ మీద సన్నటి తుప్పు పొర ఏర్పడుతుంది, పొద్దున్న మొదటి రెండు మూడు బ్రేకులకి కీచుమంటుంది, తర్వాత పోతుంది. ఇది వైజాగ్‌లో ప్రతి బండికీ ఉండేదే, దానికి భయపడక్కర్లేదు. ఆ శబ్దానికి అలవాటు పడిపోయి, ఈ మధ్య మధ్యాహ్నం కూడా వస్తున్న కీచుని పట్టించుకోలేదు. చాలా ప్యాడ్లకి చిన్న ఇనప రేకు ఉంటుంది, ప్యాడ్ బాగా అరిగాక అది డిస్క్‌కి తగిలి అరుస్తుంది, ఇక మార్చమని. దాన్నీ వదిలేస్తే ప్యాడ్ పూర్తిగా అయిపోయి ఇనుము ఇనుముని గీరే గరగర మొదలవుతుంది. ఆ దశలో బండి రోడ్డెక్కకూడదు.

జాకీ పెట్టకముందే చూడగలిగేవి చాలా ఉన్నాయని ఆ రోజు తెలిసింది. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూశాం. లెవెల్ కింది గీతకి కొంచెం పైన ఉంది. ప్యాడ్లు అరిగేకొద్దీ లెవెల్ మెల్లగా తగ్గడం మామూలే, చూడకుండా పోసేస్తే ప్యాడ్లు అరిగిన సంగతి దాగిపోతుంది అన్నారు. ఉన్నట్టుండి తగ్గితే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే. రంగు చూసి నాకే సిగ్గేసింది, డికాషన్‌లా నల్లగా ఉంది. 2013 మోడల్ బండి, మేము 2018లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం, మా దగ్గరికి వచ్చాక ఒక్కసారి కూడా ఆయిల్ మార్చలేదు. ఏ షాపూ మార్చమని చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత ఇంజిన్ ఆపి ఉంచి పెడల్ అయిదారుసార్లు తొక్కించారు. గట్టిపడ్డాక అలాగే నొక్కి ఒక నిమిషం పట్టుకోమన్నారు. దిగలేదు, అంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టేది) లోపలి రబ్బర్లు బాగానే ఉన్నాయి, బయట ఎక్కడా కారడం లేదు. అలా నొక్కి పట్టుకునే ఇంజిన్ స్టార్ట్ చేయమన్నారు, పెడల్ కొంచెం కిందికి జారింది. అలా జారితే బూస్టర్, అంటే మన కాలి బలాన్ని పెంచే భాగం, పనిచేస్తున్నట్టు. జారకుండా రాయిలా ఉంటే బూస్టర్‌దో, దానికి వచ్చే వాక్యూమ్ పైపుదో తేడా.

ఆ తర్వాత కాలనీ చుట్టూ అయిదు కిలోమీటర్లు, వీలైనంత తక్కువ బ్రేక్ వాడుతూ తిప్పాం. వచ్చి నాలుగు చక్రాల దగ్గరా అరచేతి వెనకవైపు పెట్టి, తాకకుండా చూశాం. మూడు మామూలుగా ఉన్నాయి, ఎడమ ముందుది సెగ కొడుతోంది. రూపాయి ఖర్చు లేని ఈ ఒక్క పరీక్ష అక్టోబర్‌లో చేసి ఉంటే అలైన్‌మెంట్ డబ్బులు మిగిలేవి, ఘాట్‌లో ఆ గండమూ ఉండేది కాదు.

వెనక చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టి ముందు భాగం ఎత్తాం. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద చేయి కూడా పెట్టొద్దని ఆయన రెండు స్టాండ్లు అడిగి తెచ్చారు, ఈ విషయంలో ఎవరి మాటా వినరు. న్యూట్రల్‌లో పెట్టి కుడి చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది, ఎడమది రెండు చేతులూ పెట్టినా బలవంతంగా కదిలింది.

ఇక్కడ ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. చాలామంది అయితే ఇక్కడే క్యాలిపర్ (ప్యాడ్లని పట్టుకుని డిస్క్ మీద నొక్కే భాగం) మార్చేయాలి అనేస్తారు. చక్రం బిగుసుకోవడానికి రెండు దారులు. ఒకటి, చక్రానికి ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ లోపల ఉబ్బిపోయి, ఆయిల్‌ని వెళ్లనిచ్చి వెనక్కి రానివ్వకపోవడం. రెండోది, క్యాలిపర్‌లో ఏదో జామ్ అవడం. ఏదో తెలియాలంటే క్యాలిపర్ మీదున్న చిన్న బ్లీడింగ్ నిపుల్ (లోపలి ఆయిల్, గాలి బయటికి వదిలే మర) కొంచెం వదులు చేయాలి. చక్రం వెంటనే వదులైతే తప్పు హోస్‌ది, లోపల ప్రెషర్ చిక్కుకుపోయింది. మాకు నాలుగు చుక్కలు కారాయి, చక్రం మాత్రం అలాగే బిగుసుకుని ఉంది. సరే, క్యాలిపర్ విప్పాల్సిందే.

విప్పి ప్యాడ్లు బయటికి తీస్తే కథంతా అక్కడే కనిపించింది. ఎడమ చక్రంలో బయటి ప్యాడ్ 7 మిల్లీమీటర్లు ఉంది, లోపలి ప్యాడ్ 2 మిల్లీమీటర్లకి అరిగిపోయింది. నాలుగు నెలల ప్యాడ్! కుడి పక్క రెండూ దాదాపు 8. మా బండిలాంటి చిన్న కార్లలో క్యాలిపర్‌కి ఒకవైపే పిస్టన్ ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని నొక్కుతుంది, ఆ ఊపుకి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొస్తుంది. పిన్నులు జారితేనే రెండు ప్యాడ్లూ సమంగా పట్టేది, సమంగా వదిలేది. మాకు కింది పిన్ను వచ్చింది. పై పిన్ను అతుక్కుపోయింది, దాని రబ్బరు తొడుగు చిరిగి, లోపలికి నీళ్లు పోయి, గ్రీజు తారులా గట్టిపడింది. స్ప్రే కొట్టి అరగంట ఉంచి, అటూ ఇటూ తిప్పుతూ లాగితే వచ్చింది, ఒంటినిండా తుప్పు గుంటలతో.

ఆగస్టులో ప్యాడ్లు మార్చినతను ఈ పిన్నుని చేత్తో ఒకసారి కదిపి చూసినా తెలిసేది. మర్నాడు పాత ప్యాడ్లు పట్టుకుని ఆ షాపుకి వెళ్లాను. "ప్యాడ్లు మార్చమన్నారు, మార్చాం" అన్నారు. అరిగిన ప్యాడ్ తీసి కొత్తది పెట్టడానికి పది నిమిషాలు చాలు. ఎందుకు ఒకవైపే అరిగిందని అడగడానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలకే కదా మనం సర్వీస్ అని డబ్బు కట్టేది! నాకు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే బాధగానే ఉంది.

డిస్క్ మీద నీలం మచ్చలు వచ్చాయి, బాగా వేడెక్కిన గుర్తు. ఎంత మందం దాకా వాడొచ్చో డిస్క్ మీదే చెక్కి ఉంటుందట, మాది 15 మిల్లీమీటర్లు. వెర్నియర్‌తో కొలిస్తే 15.4 వచ్చింది. లేత్ మీద సాపు చేయిస్తే 15 కంటే తగ్గిపోతుంది కాబట్టి ఆ ఆలోచన మానేశాం. డిస్కులూ ప్యాడ్లూ ఎప్పుడూ రెండు పక్కలా జతగానే మార్చాలి, ఒక్క పక్కే కొత్తవి వేస్తే మళ్లీ బండి ఒకవైపు లాగుతుంది. వారం మధ్యలో సామాన్లు తెచ్చాను: డిస్కుల జత 3,200, ప్యాడ్లు 1,600, పిన్నులూ రబ్బర్ల కిట్టు 450, బ్రేక్ గ్రీజు 150, ఆయిల్ అర లీటరు డబ్బాలు రెండు 500. మొత్తం 5,900 రూపాయలు.

రెండో ఆదివారం బిగింపు. కొత్త పిన్నులకి మామూలు గ్రీజు పెట్టకూడదు, అది ఆ రబ్బర్లని ఉబ్బిస్తుంది, మళ్లీ జామ్. బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజే పల్చగా రాయాలి. క్యాలిపర్‌ని హోస్‌కి వేలాడదీయకుండా వైరుతో స్ప్రింగ్‌కి కట్టారు. కొత్త ప్యాడ్ మందంగా ఉంటుంది కాబట్టి పిస్టన్‌ని వెనక్కి నొక్కాలి, నొక్కితే పైన డబ్బాలో ఆయిల్ పొంగుతుంది, అందుకే ముందే సిరంజితో కొంచెం తీసేశాం. అయినా నాలుగు చుక్కలు ఫెండర్ మీద పడ్డాయి, బాబాయ్ వెంటనే మగ్గుతో నీళ్లు కుమ్మరించారు. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది.

వెనక చక్రాలకి డిస్కుల బదులు ఉండే డ్రమ్ములు కూడా విప్పాం. లోపల ప్యాడ్ల పని చేసే లైనర్లు బాగానే ఉన్నాయి, వాటిని నొక్కే సిలిండర్ దగ్గర ఆయిల్ తడి లేదు. హ్యాండ్‌బ్రేక్ తొమ్మిది క్లిక్కులు లాగితే గానీ పట్టేది కాదు, అడ్జస్ట్ చేశాక ఆరుకి వచ్చింది. లోపల పేరుకున్న దుమ్ముని గాలి కొట్టి ఊదనివ్వలేదు, తడిగుడ్డతో తుడిపించారు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఇక ఆయిల్. మా బండి ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 లేదా డాట్ 4 (బ్రేక్ ఆయిల్ రకాల పేర్లు) అని రాసి ఉంది, డాట్ 4 తెచ్చాం. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230. కానీ ఈ ఆయిల్‌కి గాల్లోని తేమని పీల్చుకునే గుణం ఉంది, హోసుల గుండా కూడా ఏళ్ల తరబడి పీలుస్తూనే ఉంటుంది. నాలుగు శాతానికి కాస్త తక్కువ నీరు చేరితే చాలు, ఆ అంకెలు డాట్ 3కి 140కి, డాట్ 4కి 155కి పడిపోతాయి. అసలే సముద్రం పక్కన, ఆరేడేళ్లకి పైగా మార్చని ఆయిల్, దానికి తోడు వదలని ప్యాడ్ వేడి, అయిదుగురి బరువు, మూడో గేరు. అనంతగిరిలో ఏం జరిగిందో అప్పుడు పూర్తిగా అర్థమైంది. మూత తీసి ఎన్నాళ్లో అయిన డబ్బాలోది పోయకూడదనేదీ ఇందుకే. డాట్ 5 అని ఇంకొకటి దొరుకుతుంది, పెద్ద నంబరు కదా మంచిదేమో అనుకుంటారు, అది సిలికాన్ ఆయిల్, వీటితో కలపనే కూడదు.

పాత ఆయిల్‌తో పాటు లోపలి గాలినీ బయటికి పంపాలి, దాన్నే ఎయిర్ తీయడం అంటారు. ఆ పనిలో పెడల్ నాది, నిపుల్ ఆయనది. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలు, మాకు వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి (కొన్ని బండ్లకి వరస వేరే ఉంటుంది, మాన్యువల్ చూసుకోవాలి). నిపుల్‌కి పారదర్శకంగా ఉండే సన్నటి పైపు, దాని రెండో కొస కాస్త ఆయిల్ పోసిన సీసాలో. "తొక్కు" అంటారు, తొక్కుతాను. నిపుల్ వదులుతారు, పెడల్ కిందికి జారుతుంది. "పట్టుకో, కాలు తీయకు." నిపుల్ బిగిస్తారు. "ఇప్పుడు వదులు." బిగించకముందే కాలు తీస్తే గాలి లోపలికి పోయి పని మళ్లీ మొదటికొస్తుంది. పైన డబ్బా ఖాళీ కాకుండా మా పెద్దాడు పోస్తూ ఉన్నాడు. మొదట నల్లగా, మధ్యలో బుడగలతో, చివరికి తేనె రంగులో వచ్చింది. గంటన్నర పట్టింది. మా బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు, మన దేశంలో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. ఏబీఎస్ ఉన్న బండిలో ఆ యూనిట్ లోపలికి గాలి పోతే ఇలా ఇంట్లో తీయడం కుదరకపోవచ్చు, స్కానర్ ఉన్న చోటికే వెళ్లాలి.

చక్రాలు బిగించాక నేను తాళం తిప్పబోతే ఆపారు. పిస్టన్ వెనక్కి నొక్కాం కాబట్టి మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ ఖాళీగా అడుగుదాకా పోతుంది. గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కకుండా బండి కదిలిస్తే ఎదురుగా ఉన్న గోడకే. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 15కి మెల్లగా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోవడం, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు చేయించారు. కొత్త ప్యాడ్ డిస్క్ మీద సమంగా కూర్చోవడానికి.

ఇది విన్నాక మా ఆఫీసులో ఇద్దరు వాళ్ల బండ్ల సంగతి చెప్పారు. ఒకావిడకి సిగ్నల్ దగ్గర నొక్కి ఉంచితే పెడల్ మెల్లగా దిగిపోతోంది, ఎక్కడా కారడం లేదు, ఆయిల్ తగ్గడం లేదు. మాస్టర్ సిలిండర్ అయి ఉండొచ్చు, వెంటనే చూపించమన్నాను, అదే అయింది. ఇంకొకతనికి 80లో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది, డిస్క్ మందం అంతటా ఒకేలా లేనప్పుడు సాధారణంగా వచ్చే వణుకు అది. ప్యాడ్లు మార్చుకుంటే పోతుందని ఎవరో చెప్పారట. వద్దు, ముందు డిస్క్ కొలిపించుకో అన్నాను.

ఫిబ్రవరిలో మళ్లీ అరకు వెళ్లాం. దిగేటప్పుడు అనంతగిరి నుంచే రెండో గేరు, అవసరమైన చోట గట్టిగా ఒకసారి తొక్కి పూర్తిగా వదిలేయడం. ఆ మలుపు వచ్చినప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది, పెడల్ మాత్రం ఉండాల్సిన చోటే ఉంది. టైడాలో ఆపి రెండు ముందు చక్రాల దగ్గరా చేయి వెనకవైపు పెట్టి చూసి బాబాయ్‌కి ఫోన్ చేశాను. "ఎడమది ఎలా ఉంది?" అన్నారు, హలో కూడా అనకుండా. రెండూ ఒకే వేడిలో ఉన్నాయని చెప్పాను.